సంచార పశువైద్యము – శునక సంరక్షణ

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో శునకము మొట్టమొదటిది. ఆవును కట్టి పాలు పితుకుట, ఎద్దును నాగలికి పూన్చుట మనకు తెలియక పూర్వమే కుక్క వేటగాని వెంట నడచినది. అతడు తిని పారవేసిన ఎముకను కొరికి, రాత్రివేళ అతని గుడిసెకు కాపలా కాచినది. మహాభారతమునందలి మహాప్రస్థానిక పర్వములో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడు. పవిత్ర ఖురాన్‌లోని కహఫ్ అధ్యాయములో, గుహలో నిదురించిన యువకుల గడపవద్ద ముందరి కాళ్లు చాచి పరుండిన కుక్క ప్రస్తావన కలదు. దాహముతో అలమటించుచున్న కుక్కకు, బావిలోనికి దిగి తన పాదరక్షతో నీరు తెచ్చి త్రాగించిన మనిషి పాపములు క్షమింపబడినవని హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. ఇంటిలో కుక్కను పెంచు విషయమున ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క ఆచారముండవచ్చును. కాని మూగజీవి బాధపడుచున్నప్పుడు దానికి ఉపశమనము కలిగింపవలెననుటలో ఎవరికిని భేదాభిప్రాయము ఉండదు.

ఇట్టి జంతువునకు జబ్బు చేసినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? మనిషికి జ్వరము వచ్చినచో తన బాధను నోటితో చెప్పుకొనగలడు. బస్సు ఎక్కి వైద్యుని వద్దకు పోగలడు. కుక్కకు ఆ రెండును లేవు. పశువైద్యశాల ఊరికి ఒక మూలన ఉండును. కుక్కను చూడగానే ఆటోవాడు తల అడ్డముగా ఊపును. బస్సులో ఎక్కించుకొనరు. ఇరువదియైదు కిలోల కుక్కను భుజమున వేసికొని నడచుట అందరికిని సాధ్యము కాదు. అందుచేత "రేపు చూతము" అనుకొందుము; ఆ రేపు పలుమార్లు రాదు. ఈ చిక్కునకు ఒక పరిష్కారముగా ఏర్పడినదే సంచార పశువైద్యము. అది ఏమిటి, దానివలన శునకములకును, మనుష్యులకును కలుగు మేలు ఏమిటి, దాని పరిమితులు ఎవ్వి అను విషయములను ఈ వ్యాసములో పరిశీలింతము.

సంచార పశువైద్యమనగా నేమి?

రోగి వైద్యుని వద్దకు పోవుటకు బదులు, వైద్యుడే తన పరికరములతోను, మందులతోను రోగి ఉన్నచోటికి వచ్చుట సంచార వైద్యము. ఇది నేడు మన ప్రాంతమున రెండు విధములుగా జరుగుచున్నది.

మొదటిది ప్రభుత్వము నడపునది. తెలంగాణములో 2017వ సంవత్సరమున 100 వాహనములతో సంచార పశువైద్య సేవ ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మే నెలలో 175 వాహనములతో ఇట్టి సేవ మొదలైనది. 2023 జనవరిలో రెండవ విడత వాహనములు చేరినవి. కేంద్ర ప్రభుత్వము కూడ, లక్ష పశువులకు ఒక వాహనము చొప్పున, రాష్ట్రములకు సహాయము చేయు పథకమును చేపట్టినది. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో వాహనము వచ్చును. అందులో పశువైద్యుడు, సహాయకుడు, డ్రైవరు ఉందురు. ఈ వాహనములు ప్రధానముగా ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకల కొరకు ఏర్పడినవి. కావున కుక్కల విషయమున ఆ ప్రాంతములో ఏయే సేవలు లభించునో టెలిఫోనులోనే అడిగి తెలిసికొనుట మంచిది.

రెండవది పట్టణములలోని వైద్యులు స్వయముగా చేయునది. వీరు తమ వాహనములో మందుల పెట్టె, టీకాల చల్లని డబ్బా, రక్తము తీయు గొట్టములు, గాయములు కుట్టు సామగ్రి ఉంచుకొని ఇంటికి వత్తురు. కొందరి బండ్లలో చిన్న బల్ల, సూక్ష్మదర్శిని కూడ ఉండును.

శునకములకు కలుగు లాభములు

మొదటి లాభము భయము తగ్గుట. కుక్క లోకమును ముక్కుతో చదువుకొనును. వైద్యశాలలో అడుగిడగానే ముందు వచ్చిపోయిన పది కుక్కల వాసన, మందుల వాసన, ఎరుగని మనుష్యుల వాసన దానిని ఒక్కుమ్మడిగా చుట్టుముట్టును. పరిశోధకులు ఒకే కుక్కను ఇంటివద్దను, వైద్యశాలయందును పరీక్షించి చూడగా, వైద్యశాలలో దాని నాడివేగము, రక్తపోటు హెచ్చుగా ఉన్నట్లు తేలినది. ఇది కేవలము కుక్క సుఖమునకు సంబంధించిన మాట కాదు, రోగనిర్ణయమునకు సంబంధించినది. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉండును. ఎండలో ఆటోలో వచ్చి, భయముతో వగర్చుచున్న కుక్క వేడి అంతకు మించినచో, అది జ్వరమో, ప్రయాణ ఫలమో వైద్యుడు తేల్చుకొనుట కష్టము. తన చాపమీద తాను పరుండిన కుక్కను చూచిన వైద్యునికి ఆ సందేహము తక్కువ.

రెండవ లాభము అంటువ్యాధుల బెడద తగ్గుట. పార్వో అను వైరసు పిల్లకుక్కలకు రక్తవిరేచనములు కలిగించి, రెండు మూడు దినములలో ప్రాణము తీయగలదు. ఆ వైరసు నేలమీద నెలల తరబడి జీవించియుండును. సాధారణమైన సబ్బునీటితో కడిగినను పోదు. టీకాలు ఇంకను పూర్తికాని పిల్లకుక్కను, జబ్బుకుక్కలు కూర్చుండు వరండాలో గంటసేపు దింపి ఉంచుట ప్రమాదకరము. డిస్టెంపర్ అను మరియొక వ్యాధి దగ్గు, తుమ్ముల ద్వారా వ్యాపించును. ఈ రెంటికిని ఆరు నుండి ఎనిమిది వారముల వయస్సున టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకమారు చొప్పున పదునారు వారముల వయస్సు వరకు వేయింపవలెను. అంతవరకు వైద్యుడు ఇంటికే వచ్చినచో పిల్లకు రక్షణ.

మూడవ లాభము, వైద్యుడు రోగిని మాత్రమేగాక రోగి ఉండు తావును కూడ చూచుట. దీనికొక ఉదాహరణము. పిడుదులు పట్టిన కుక్కను వైద్యశాలకు తీసికొనిపోయి మందు వేయించుదురు. నెల తిరుగక మునుపే పిడుదులు మరల కనిపించును. యజమాని మందును నిందించును. వాస్తవమేమనగా, రక్తము త్రాగి ఉబ్బిన ఆడపిడుదు కుక్కను విడిచి గోడ పగుళ్లలోనికి చేరి, అక్కడ వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్కకు మందు వేసి గోడను విడిచినచో పని సగమే అయినది. ఇంటికి వచ్చిన వైద్యుడు ఆ పగుళ్లను చూడగలడు. వాటిని పూడ్చుమని చెప్పగలడు. పిడుదుల వలన వచ్చు జ్వరములు కుక్క రక్తమును క్షీణింపజేసి ప్రాణాపాయము కలిగించును గనుక ఇది చిన్న విషయము కాదు. అట్లే గొలుసు ఎంత పొట్టిగా ఉన్నదో, నీటి గిన్నె ఎండలో ఉన్నదో నీడలో ఉన్నదో, ఉల్లిపాయ వేసిన కూరయన్నము పెట్టుచున్నారో, ఉడికించిన కోడి ఎముకలు వేయుచున్నారో వైద్యుడు కంటితో చూచి సరిదిద్దును. ఉల్లి కుక్కల రక్తకణములను పాడుచేయును; ఉడికిన ఎముక చీలికలై ప్రేగులకు గ్రుచ్చుకొనును. మనము వేసికొను జ్వరము మాత్రలు, నొప్పి మాత్రలు కుక్కకు విషతుల్యము కాగలవని ఎందరికో తెలియదు.

నాలుగవ లాభము అశక్తులకు కలుగు సౌకర్యము. కీళ్లనొప్పులతో లేవలేని ముసలికుక్క, నిండుచూలుతో ఉన్న కుక్క, అపరిచితులను చూచి మీదపడు కుక్క — వీటికి ప్రయాణము బాధాకరము. వాటిని పెంచువారిలోను వృద్ధులు, ఒంటరి స్త్రీలు, దినకూలి చేసికొనువారు ఉన్నారు. కుక్కను వైద్యశాలకు తీసికొనిపోవుటయన్న ఒక దినము కూలి పోగొట్టుకొనుటయే. నయము కాని వ్యాధితో అవసానదశలో ఉన్న కుక్కకు తన ఇంటి నీడననే ఉపశమనము లభించుట కూడ ఒక దయ.

ఐదవ లాభము అన్నిటికంటె ముఖ్యమైనది. అది టీకా తప్పిపోకుండుట. దానిని వివరించుటకు ముందు మేము కనులారా చూచిన ఒక సంగతిని చెప్పవలసియున్నది.

మా వీధిలో జరిగిన సంగతి

మేము నివసించు వీధిలో ఒక దర్జీ కుటుంబమున్నది. వారి పిల్లలు ఒక వీధికుక్క పిల్లను చేరదీసి పెంచిరి. దానికి మూడు నెలలు నిండిన పిదప రేబీస్ టీకా వేయింపవలెనని ఇంటివారికి తెలియును. మొదటిమారు ఆటో దొరకలేదు. రెండవమారు ఇద్దరు ఆటోవారు కాదన్న పిదప మూడవవాడు రెట్టింపు బాడుగకు ఒప్పుకొనెను. వైద్యశాల చేరుసరికి వేళ మించినదని తిప్పి పంపిరి. మూడవమారు పండుగ పనులలో దర్జీకి తీరిక లేకపోయెను. ఇట్లు రెండు నెలలు గడచినవి. ఐదవ నెలలో ఆ పిల్లకుక్క తిండి మానినది, చీకటి మూల చేరినది, నోట చొంగ కార్చినది. దగ్గరకు వెళ్లిన ఎనిమిదేండ్ల బాలుని చేతిని కరచినది. నాలుగవ దినమున చనిపోయినది.

ఆ కుక్కకు పరీక్ష జరుగలేదు గనుక అది రేబీసే అని మేము నిర్ధారించి చెప్పజాలము. కాని బాలుని తల్లి వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో చాలసేపు కడిగి, అదే దినమున ఆసుపత్రికి తీసికొనిపోయెను. గాయము చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసి, వరుస తప్పక టీకాలు వేసిరి. బాలుడు నేడు బడికి పోవుచున్నాడు. కాని ఆ నెల దినములు ఆ ఇంటివారు నిదురించలేదు. ఆ దర్జీ మాతో అన్న మాట మరువలేము: "టీకా ఖరీదు కంటె ఆటో బాడుగ ఎక్కువైనది, అందుకే ఆగితిమి." వైద్యము ఇంటి ముంగిటికి రావలసిన ఆవశ్యకతను ఇంతకంటె తేటగా చెప్పుట మావల్ల కాదు.

రేబీస్ వ్యాధియు, నూటికి డెబ్బదియు

రేబీస్ వైరసు జబ్బుపడిన జంతువు లాలాజలమునందుండి, కాటు ద్వారా నరములను చేరి, నరముల వెంట మెదడునకు ప్రాకును. సామాన్యముగా ఒకటి నుండి మూడు నెలలలో లక్షణములు బయటపడును. ఒకమారు బయటపడినచో మరణము దాదాపు తప్పదు. అందుచేతనే కరచిన వెంటనే చేయు చికిత్సకు అంత ప్రాముఖ్యము. మనుష్యులకు వచ్చు రేబీస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్కల వలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

1885 జూలై 6వ తేదీన పారిస్ నగరములో లూయీ పాశ్చర్, కుక్క కరచిన తొమ్మిదేండ్ల బాలుడు జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించెను. ఆ బాలుని దూరప్రాంతమైన ఆల్సేస్ నుండి తల్లి తీసికొనివచ్చినది. మన దేశములో 1900లో కసౌలియందును, 1907లో నీలగిరులలోని కూనూరునందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. ఆ దినములలో కుక్క కరచినవారు మందును వెదకికొనుచు రైలెక్కి కొండలకు పోవలసివచ్చెడిది. తరువాత మందు జిల్లా ఆసుపత్రికి దిగివచ్చినది. బొడ్డు చుట్టూ పదునాలుగు సూదులు వేయు పాత టీకా 2005 నాటికి మన దేశమున నిలిచిపోయి, చేతికి వేయు నాలుగైదు సూదుల టీకా వచ్చినది. పాత సూదుల భయముతో ఇప్పటికిని ఆసుపత్రికి పోకుండ పసరు వైద్యమును, మంత్రమును ఆశ్రయించువారు ఆ భయము విడువవలెను.

అయితే కరచిన పిదప మనిషికి వేయు టీకా ఒక ప్రాణమును కాపాడును. కరువక మునుపు కుక్కకు వేయు టీకా వీధి నంతటిని కాపాడును. ఒక ప్రాంతములోని కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో వ్యాధి ఒకదానినుండి మరియొకదానికి ప్రాకు గొలుసు తెగిపోవునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ప్రతి యేడు కొత్త పిల్లలు పుట్టుచుండును, ముసలికుక్కలు చచ్చుచుండును గనుక ఈ పని ఏటేట జరుగవలెను. ఎవరి కుక్కను వారు వైద్యశాలకు తెచ్చుటకై కనిపెట్టుకొని కూర్చున్నచో డెబ్బది వంతులు ఎన్నడును నిండవు. వైద్యబృందమే వీధి వెంట రావలెను.

ఇది కేవలము ఊహ కాదు. గోవా రాష్ట్రమున 2013 తరువాత ఇట్లే బృందములు ఇంటింటికిని తిరిగి పెంపుడుకుక్కలకును, వలలతో పట్టి వీధికుక్కలకును టీకాలు వేసినవి. బడిపిల్లలకు పాఠములు చెప్పినవి. అనుమానపు కుక్కను గూర్చి చెప్పుటకు టెలిఫోను ఏర్పాటు చేసినవి. ఫలితముగా కుక్కలలో రేబీస్ నూటికి 92 వంతులు తగ్గినట్లు 2022లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. 2018 నుండి 2021 వరకు గడచిన కాలములో అక్కడ మనుష్యులకు రేబీస్ మరణములు నమోదు కాలేదు. వైద్యుడు నడచివచ్చినచో ఏమి జరుగునో చూపుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును. మన దేశము 2030 నాటికి కుక్కల వలన వచ్చు రేబీస్‌ను నిర్మూలింపవలెనని 2021లో ప్రణాళికను ప్రకటించినది.

పరిమితులు

ప్రతి మంచికిని హద్దు కలదు. సంచార వైద్యుని బండి వైద్యశాలకు బదులు కాజాలదు. ఎముక విరిగినప్పుడు ఎక్స్‌రే కావలెను. కడుపు ఉబ్బి మెలిపడినను, ప్రసవము అడ్డుపడినను శస్త్రచికిత్స కావలెను. పాము కరచినను, విషము తిన్నను, బండి క్రింద పడినను వైద్యుడు వచ్చువరకు వేచియుండరాదు; టెలిఫోనులో సలహా తీసికొనుచు వైద్యశాలకు పరుగిడవలెను. ఇంటికి వచ్చు వైద్యునికి రాకపోకల రుసుము అదనముగా చెల్లింపవలసియుండును. కాని ఒక వీధిలోని నలుగురైదుగురు కలిసి ఒకే దినమున పిలిచినచో ఆ భారము పంచుకొనవచ్చును.

ఇంటింటికి తిరుగువారందరును వైద్యులు కారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము రిజిస్టరైన వైద్యుడే చికిత్స చేయుటకు అర్హుడు. రిజిస్ట్రేషను సంఖ్యను అడుగుట మర్యాదాలోపము కాదు. టీకా మందు 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో ఉండవలెను. చల్లని డబ్బా లేకుండ సంచిలో తెచ్చిన టీకా వేయించిన తృప్తినే ఇచ్చును గాని రక్షణ నీయదు.

ఇంటివారు చేయవలసిన పనులు

వైద్యుడు వచ్చు సమయమునకు కుక్కను గొలుసుతో కట్టి, దాని కెరుకైన మనిషి దగ్గర నుండవలెను. కరచు స్వభావమున్నచో మూతికి చిక్కము వేయవలెను. వెలుతురున్న చోటు, చేతులు కడుగుకొనుటకు నీరు, సబ్బు సిద్ధముగా నుంచవలెను. ఎప్పటినుండి తినలేదు, ఎన్నిమార్లు వాంతి చేసికొన్నది, ఏమి తిన్నది అను వివరములు ఒక కాగితముపై వ్రాసి ఉంచినచో మేలు. టీకా పుస్తకములో తేదీని, టీకా సంఖ్యను వ్రాయించుకొని, తరువాతి తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టవలెను.

కుక్క కరచినచో, అది పెంపుడుదైనను, పిల్లకుక్కయైనను, గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడుగవలెను. కారము, సున్నము, కాఫీపొడి అద్దరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి, వైద్యులు చెప్పిన టీకాలన్నిటిని పూర్తిచేయవలెను.

విద్యార్థులకును, కళాశాల సంఘమునకును విజ్ఞప్తి

2025 నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు విద్యాసంస్థల ఆవరణలలోని వీధికుక్కలను తీసికొనిపోయి, టీకాలు, శస్త్రచికిత్స జరిపించి ఆశ్రయములలో ఉంచవలెనని ఆదేశించినది. ఆ పని స్థానిక సంస్థలది. కాని ప్రహరీగోడ లోపలి కుక్కలతో మన బాధ్యత తీరిపోదు. మన విద్యార్థులు వచ్చు ఇండ్లలో, వీధులలో పెంపుడుకుక్కలు ఉన్నవి. వాటితో ఆడుకొను చిన్నపిల్లలు ఉన్నారు. ఆ కుక్కల టీకాల సంగతి అడుగువారు లేరు.

కావున కళాశాల సంఘమువారికి మేము సవినయముగా ఒక సూచన చేయుచున్నాము. సెప్టెంబరు 28వ తేదీ పాశ్చర్ వర్ధంతి. అదియే ప్రపంచ రేబీస్ దినము. ఏటేట ఆ దినమున పశుసంవర్ధక శాఖవారి సంచార వాహనమును పిలిపించి, చుట్టుప్రక్కల వీధులలో టీకాల కార్యక్రమము జరిపింపవలెను. జాతీయ సేవా పథకము విద్యార్థులు ముందుగా ఇంటింటికిని పోయి, ఎన్ని కుక్కలున్నవో, ఎన్నిటికి టీకా వేసిరో లెక్క వ్రాసికొనవలెను. కాటు పడిన వెంటనే చేయవలసిన పనులను ఉర్దూలోను, తెలుగులోను ఒకే కాగితముపై అచ్చువేయించి పంచవలెను. మన కళాశాలలో రెండు భాషలను ఎరిగిన విద్యార్థులుండుట ఇట్టి పనికి అక్కరకు వచ్చు భాగ్యము. దీనికగు ఖర్చు స్వల్పము. దానివలన నిలుచు ప్రాణము వెలకట్టరానిది.

మా వీధిలోని దర్జీ ఇంట ఇప్పుడు మరియొక కుక్కపిల్ల పెరుగుచున్నది. దానికి మూడు నెలలు నిండిన వారమే ఇరుగుపొరుగు నలుగురు కలిసి వైద్యుని పిలిపించి, ఆరు కుక్కలకు ఒకేమారు టీకా వేయించితిమి. ఎవరును ఆటో కొరకు వెదకలేదు. ఎవరికిని కూలి పోలేదు. పని పూర్తియగుటకు గంటసేపు కూడ పట్టలేదు. ఒక వీధిలో జరిగిన పని ప్రతి వీధిలోను జరుగవచ్చును. అందుకు మన విద్యార్థి లోకము ముందడుగు వేయునని ఆశించుచున్నాము.